మచ్చపడ్డ చెయ్యి, మటన్ గంటె

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మా చుట్టాల్లో ఎవరింట దావత్ జరిగినా మటన్ బకెట్ నా చేతిలోనే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఈలోగా ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఎన్ని చేలు ప్లాట్లయ్యాయో లెక్కలేదు. నా గంటె మాత్రం చెక్కుచెదరలేదు.

బయటివాళ్లు దీన్ని ఉత్త వడ్డన అనుకుంటారు. బగార అన్నం ఎవరైనా పెట్టగలరు. దాల్చా పోయడానికైతే మనిషే అక్కర్లేదు, పైపు చాలు. మటన్ అలా కాదు. బకెట్లో నల్లి బొక్కలు పది ఉంటే, బంతిలో వాటి మీద కన్నేసినవాళ్లు నూట పదిమంది ఉంటారు. నల్లి అంటే తెలియని అభాగ్యుల కోసం చెబుతున్నాను: లోపల మూలుగ నిండి ఉన్న కాలి ఎముక. ప్లేటు అంచుకేసి రెండు దెబ్బలు కొట్టి, నోట పెట్టి జుర్రుకుంటే మోక్షం సగం దూరంలో కనిపిస్తుంది. అది ఎవరి ప్లేటులో పడాలో, ఎవరికి ముక్కల్లేని ఉత్త షోర్వతో సరిపెట్టాలో, ఏ అల్లుడు అలిగి ఉన్నాడో, ఎవరు పోయిన దావత్‌లో అన్యాయమైపోయారో, అంతా గంటె పట్టినవాడి తలకాయలో ఉండాలి. నేను కళ్లు మూసుకుని గంటె దింపితే అది అడుక్కి పోయి, నల్లిని తడిమి, భుజం తట్టి లేపి, పైకి పిలుచుకొస్తుంది. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు. నేర్పితే ఉద్యోగం పోతుంది కదా.

అలాంటి కుడిచేతి మీద, చూపుడువేలి కణుపు దగ్గర, పోయిన ఎండాకాలం ఒక తెల్లచుక్క కనబడింది. ఆవగింజంత.

ఆ వారమే ఇంటికి సున్నం వేయించాం. సున్నమే అనుకున్నాను. సబ్బుతో రుద్దాను. కిరసనాయిలుతో రుద్దాను. గిన్నెలు తోమే పీచుతో రుద్దాను. చుట్టూ ఉన్న మంచి రంగు ఊడిపోయే పరిస్థితి వచ్చింది గాని చుక్క కదల్లేదు. తర్వాత మా దగ్గర వెంచర్లు ఎలా లేస్తాయో అదీ అలాగే లేచింది. మొదట ఒక రాయి పాతారు, ఎవరూ పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి హద్దులు గీశారు. నెలకు పక్క వేలి కణుపును కూడా కలుపుకుని రెండో దశ మొదలుపెట్టారు. అనుమతి ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎడమవైపు పెదవి మూలన ఒక బ్రాంచి తెరిచారు.

బ్రాంచిని కనిపెట్టింది నా భార్య.

"ఏందయ్యా, పెరుగన్నం తిని మూతి తుడుసుకోలేదా?"

"తుడుసుకున్న."

"మల్ల తుడుసుకో."

మళ్లీ తుడుచుకున్నాను. తన కొంగుతో తనే ఒకసారి తుడిచింది. తర్వాత నన్ను వెలుతురులోకి లాగి, కుడిచెయ్యి పట్టుకుని చూసి, నోరు మూసుకుంది. పెళ్లయ్యాక ఆమె నోరు మూసుకోవడం అదే మొదటిసారి కావడంతో నాకు భయం వేసింది.

ఇంట్లో విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షురాలు మా అవ్వ. నన్ను కన్నతల్లి. చేపలు తిన్న పూట పాలో పెరుగో తగిలితే బొల్లి వస్తుందన్నది మా అవ్వ నమ్మిన శాస్త్రం. కాబట్టి మచ్చ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నే లేదు. నేను ఎప్పుడు, ఎవరింట్లో, ఏ చేప మీద ఏ మజ్జిగ తాగానన్నదే విచారణ.

"నిరుడు మిరుగం నాడు!" అంది అవ్వ, మూడు రోజులు ఆలోచించి. మృగశిర కార్తె నాడు చేప తినని మనిషి మా దిక్కు పుట్టలేదు. "సురంగల్ల మీ మామ ఇంట్ల. కొర్రమీను పులుసు తిన్నవ్. ఎంటనే సల్ల తాగినవ్. నేను కండ్లార సూసిన."

సురంగల్ మామ అంటే అవ్వకు సొంత తమ్ముడు. నాకు మేనమామ. నా భార్యకు తండ్రి. అంటే మా ఇంట్లో ఏ గొడవైనా చివరికి ఆయన గడపలోనే తేలుతుంది. అవ్వ అప్పటికప్పుడే ఫోన్ కలిపింది.

"ఏం తమ్మీ, నా కొడుక్కు చేపల మీద సల్ల పోసినవ్. ఇప్పుడు సూడు, పోరడు పెచ్చులూడిన గోడ లెక్క తయారైండు."

"నేను పోసిననా అక్కా? వాడే అడిగి మూడు గిలాసలు తాగిండు!"

యాభై రెండేళ్ల నేను పోరణ్ణి కావడం అవ్వ అన్న ఆ ఒక్క వాక్యంలోనే. నా భార్య తండ్రి వైపు మాట్లాడాలా మొగుడి వైపు మాట్లాడాలా తేల్చుకోలేక వంటింట్లోకి వెళ్లింది. అక్కడే ఆమెకు ఆ ఆలోచన పుట్టింది.

మా చర్చిలో ఒక చెక్క డబ్బా ఉంది. కష్టం ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తే ఆదివారం పాస్టరు అయ్యగారు చదివి ప్రార్థన చేస్తారు. పేరు రాయనవసరం లేదు. "మా కుమారుని ఉద్యోగము కొరకు", "మా బర్రె కొరకు", ఇలా ఉంటాయి. నా భార్య ఎంతో జాగ్రత్తగా, పేరు రాయకుండా, ఊరు రాయకుండా, అక్షరాలు గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాసి వేసిందట. ఆదివారం అయ్యగారు చీటీ విప్పారు. మా చర్చి మైకు లోపలివాళ్ల కోసం పెట్టింది కాదు. రెండు హారన్లు కప్పు మీద ఉంటాయి. ఒకటి చేవెళ్ల రోడ్డు వైపు, ఒకటి హైదరాబాద్ వైపు.

"ఒక సహోదరి మనవి," అన్నారు అయ్యగారు. "నా భర్త కుడిచేతి మీద తెల్లమచ్చ లేచినది. అది దినదినము పెరుగుచున్నది. ఆ చేతితోనే ఆయన దావతులలో మటన్ వడ్డించును. దయచేసి గోప్యముగా ఉంచగలరు."

చివరి వాక్యం కూడా ఆయన మైకులోనే చదివారు. ఆయన తప్పేం లేదు, చీటీలో ఉన్నదంతా చదవడం ఆయన పద్ధతి. చర్చిలో నూట యాభై తలకాయలు ఒకేసారి నా వైపు తిరిగాయి. బయట సోడా బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా కిటికీలోంచి తొంగి చూశారు. నేను కుడిచెయ్యి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చొక్కా జేబు చిన్నది కావడంతో వేళ్లు మాత్రమే పట్టాయి. చూసినవాళ్లకు నేను నా గుండెనే బయటికి తీయబోతున్నట్టు కనిపించి ఉంటుంది.

"మటన్ వడ్డించును అని ఎందుకు రాసినవే?" అన్నాను ఇంటికొచ్చాక.

"మరి చెయ్యి అంటే ఏ చెయ్యో దేవునికెట్ల తెల్వాలె?" అంది.

సోమవారం నుంచి సలహాలు వచ్చిపడ్డాయి. రోజూ రెండు కిలోల క్యారెట్ తింటే ఒంటికి రంగు పడుతుందన్నారు. చేవెళ్ల దగ్గర ఉంటూ క్యారెట్ దొరకలేదని చెప్పడం కుదరదు. నలభై రోజులు కుందేలు బతుకు బతికాను. మచ్చలకు రంగు రాలేదు గాని అరచేతులు పసుపుపచ్చగా మారాయి. ఇప్పుడు నా చెయ్యి మూడు రంగుల జెండా. తర్వాత బజారులో ఒకాయన బావంచాల గింజల ముద్ద పూసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోమన్నాడు. డాబా మీద కూర్చున్నాను. సాయంత్రానికి వేలి మీద బొబ్బ పూరీలా పొంగింది. అవ్వ దాన్ని చూసి, మందు పనిచేస్తున్నది, రోగం బయటికొస్తున్నది అంది.

ఇవన్నీ నేను నవ్వుతూనే భరించాను. టీ కొట్టు దగ్గర నాకు మాత్రం కాగితం కప్పు ఇవ్వడం మొదలుపెట్టినా నవ్వాను. అసలు దెబ్బ వేరే వచ్చింది. సురంగల్‌లో మా బామ్మర్ది కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మామకు ఒక్కడే కొడుకు. చందనవెల్లిలో ఏదో కంపెనీలో షిఫ్టు పని. ఇంకో ఇరవై రోజుల్లో గృహప్రతిష్ఠ ప్రార్థన, ఆ వెంటనే దావత్. ఐదు వందల మంది. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద బకెట్ రాదు. ఆ దావత్ గురించి మాట్లాడటానికి బామ్మర్ది బండి మీద మా ఇంటికి వచ్చాడు. వచ్చి, నీళ్లు వద్దన్నాడు, టీ వద్దన్నాడు, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"బావా, నువ్వు ఎన్ని రోజులని కష్టపడ్తవ్? ఈసారి ఆరాంగ ఉండు."

"ఆరాం నాకెందుకురా? బకెట్లు స్టీలువే తెప్పించు, ప్లాస్టిక్‌ల అడుగు తెల్వది."

"అది గాదు బావా. నీకు స్పెషల్ డ్యూటీ పెట్టిన. వాటర్ బాటిళ్లు."

సైన్యాధిపతిని పిలిచి గుర్రానికి గడ్డి వెయ్యమన్నట్టయింది నాకు.

"బాటిళ్లకైతే సీల్ ఉంటది గదా," అన్నాడు నేల చూస్తూ. "ఎవ్వరికీ డౌట్ రాదు. నాకేం లేదు బావా, ఏసు తోడు. బాపే అంటున్నడు, లోకం నోరు మంచిది గాదని."

బాపు అంటే మామ. ఇరవై ఏళ్లుగా ప్రతి దావత్‌లోనూ నా గంటె నుంచి మొదటి నల్లి అందుకున్న మనిషి. ఆ ఎముక పటపటా ప్లేటుకేసి కొట్టుకుని, కళ్లు మూసుకుని జుర్రుకుని, "అల్లుడంటే వీడురా" అన్న మనిషి.

మర్నాడు పొద్దున్నే నేను చేవెళ్లలో చర్మం డాక్టరమ్మ దగ్గర ఉన్నాను. చిన్న వయసు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, మాట చివర అండీ లేకుండా ఊపిరి తీసుకోదు. పక్కన నా భార్య, ఆ పక్కన అవ్వ. సాక్షిగా వచ్చింది.

"అమ్మా, ఇంకా పంతొమ్మిది రోజులున్నయి. అందాక ఈ చెయ్యి నల్లగ గావాలె," అన్నాను.

"ముందు చెయ్యి ఇలా ఇవ్వండి. ఈ బొబ్బేంటండీ?"

బావంచాల సంగతి చెప్పాను. ఆమె చాలా మర్యాదగా, అండీ అంటూనే, నన్ను ఉతికి ఆరేసింది. తర్వాత దూదితో మచ్చ మీద తాకి, తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాను. లైటు తీసేసి ఊదారంగు దీపమొకటి చేతి మీద పెట్టింది. నా వేళ్లు బారాత్‌లో డీజే బండిలా మెరిశాయి. అవ్వ దండం పెట్టింది.

"ఇది బొల్లేనండీ. కుష్ఠు కాదు. ఎవరికీ అంటదు. చెయ్యి కలిపినా, ఒకే కంచంలో తిన్నా, ఏం చేసినా అంటదు. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలు పొరబాటున మనకి రంగునిచ్చే కణాల మీదే పడతాయన్నమాట."

"కాపల కుక్క ఇంటోన్నే కర్సినట్టు."

"దాదాపు అంతేనండీ."

"చేపల మీద సల్ల తాగితే..." అని అవ్వ ముందుకు వంగింది.

"దానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా."

అవ్వ ముఖం చూడాలి. తమ్ముడి మీద చేతికొచ్చిన కేసు ఒక్క మాటతో కొట్టేసినట్టయింది. "చదువుకున్నోళ్లకు అన్నీ తెల్వయి," అని గోడకు చెప్పింది.

ఇక పంతొమ్మిది రోజుల సంగతి. డాక్టరమ్మ కాగితం మీద చెయ్యి బొమ్మ, మూతి బొమ్మ గీసింది. మూతి బొమ్మ బాగానే ఉంది, చెయ్యి బొమ్మ వంకాయలా వచ్చింది. ముఖం మీద మచ్చ కొత్తది, చిన్నది కాబట్టి పూతమందుతో రంగు తిరిగొచ్చే అవకాశం బాగానే ఉందట. ఆలస్యం చెయ్యకపోతే మంచిదట. వేళ్ల కణుపులు మాత్రం మొండివట. పూతమందుతో పాటు వారానికి రెండుమూడుసార్లు వచ్చి లైటు కింద చెయ్యి పెట్టాలి, నెలలు పడుతుంది, అయినా ఎంత వస్తుందో ముందే చెప్పలేమంది. థైరాయిడ్‌కు రక్తపరీక్ష రాసింది. ఎండలోకి వెళ్లేటప్పుడు చేతికి రాసుకోవడానికి ఒక క్రీమ్ ఇచ్చింది. కొత్త మచ్చలు వేగంగా లేస్తుంటే వెంటనే రమ్మంది.

"చేయించుకోకపోతే?" అని నా భార్య అడిగింది.

"ప్రాణానికేం కాదండీ. చాలామంది వద్దనుకుంటారు కూడా. మచ్చతో ఈయనకి బాధగా ఉంటే చేద్దాం, లేకపోతే చూస్తూ ఉందాం." నా వైపు తిరిగింది. "అంతేగాని మీ బంధువుల ఫంక్షన్ కోసం మాత్రం మొదలుపెట్టకండి. అది పంతొమ్మిది రోజుల్లో అయిపోతుంది, చెయ్యి మీతోనే ఉంటుంది."

పెదవికి మందు వెంటనే మొదలుపెట్టమన్నాను. చెయ్యి సంగతి దావత్ అయ్యాక చెబుతానన్నాను. అంటదని రాసి సంతకం చేసివ్వమని అడిగాను. చాలామంది అడుగుతారనుకుంటాను, ఆమె అక్కడికక్కడే రాసిచ్చింది.

కాగితం ఐదు వందల మందికి చూపించడం ఎలా? మా దగ్గర దీనికి ఒకటే దారి, ఫ్లెక్సీ. పుట్టినా, పోయినా, పదోతరగతి పాసైనా, ఎవరికో పదవి వచ్చినా, చెట్టుకు చెట్టుకు మధ్య ఫ్లెక్సీ కట్టనిదే అది జరిగినట్టు కాదు. చేవెళ్లలో ఫ్లెక్సీలు చేసే తమ్ముడి దగ్గరికి వెళ్లి నా ఫోటో ఇచ్చాను. ప్రత్యేకంగా దిగిన ఫోటో. కుడిచేత్తో గంటె ఎత్తిపట్టుకుని, మచ్చ ముందుకు కనబడేలా. కింద ఈ మాటలు: "బంధుమిత్రులకు మనవి. ఈ చేతి మీది మచ్చ ఎవరికీ అంటదు. డాక్టర్ గారు రాసిచ్చినారు. నిర్భయముగా నల్లి స్వీకరించగలరు." పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు. దావత్ నాడు పొద్దున నేరుగా సురంగల్‌కు పంపి గేటుకు కట్టించమన్నాను.

కట్టించాడు. మేం ఆటో దిగి చూసేసరికి గేటు మీద ఒక తెల్లదొర గంటె పట్టుకుని నవ్వుతున్నాడు.

ఎవరబ్బా అని నేను కూడా ఒక క్షణం నమస్కారం పెట్టబోయాను. చొక్కా నాది. మీసం నాది. మిగిలినదంతా పాలమీగడ. చేతులు, మెడ, చెవులు, అన్నీ ఒకే తెలుపు. ఫోన్ చేశాను.

"తమ్మీ, నా మచ్చ ఏది?"

"తీసేసిన అన్నా. ఫోటోల చేతి మీద, మూతి మీద మచ్చలు పడ్డయి. మంచిగ లేదని మొత్తం గ్లో కొట్టిన. అందరికి గట్లనే కొడ్తం. ఎట్ల వచ్చింది?"

పొరపాటు నాదే. మా దిక్కు ఫ్లెక్సీలో నల్లవాడు లేడు. నలభై ఏళ్లు ఎండలో నాగలి పట్టిన పెద్దమనిషి కూడా ఫ్లెక్సీ ఎక్కేసరికి గులాబీరంగు బుగ్గలతో తేలతాడు. ఇది తెలిసి కూడా చెప్పడం మర్చిపోయాను. పైగా కింద రాసిన మాటలు అలాగే ఉన్నాయి. ఈ చేతి మీది మచ్చ ఎవరికీ అంటదు. వచ్చినవాళ్లంతా గేటు దగ్గర ఆగి, మెడలు వంచి, ఏ మచ్చ అని వెతకడం మొదలుపెట్టారు. అంతవరకు సంగతి తెలియనివాళ్లు కూడా లోపలికి వచ్చి నా చెయ్యి చూసి తెలుసుకున్నారు.

అది అలా ఉంచండి. ఫ్లెక్సీని చూసి మా చుట్టాలు అన్న మాటలు వినాలి.

"అబ్బ, ఎంత మంచిగున్నవ్ అన్నా! గదేం క్రీమే?"

"ఫిలిం యాక్టర్ లెక్క ఉన్నవ్. మా పెద్దోనికి గూడ చెప్పు జర, నల్లగున్నడు."

అలా అన్నవాళ్లే తిరిగి నా చెయ్యి చూసి అడుగు వెనక్కి వేశారు. అప్పుడు నాకు తత్వం బోధపడింది. మనిషి ఒకేసారి మొత్తం తెల్లగైతే మావాళ్లు మెచ్చుకుంటారు. విడతలవారీగా అయితేనే భయపడతారు.

ప్రార్థన అయింది. టెంటు కింద మొదటి బంతి కూర్చుంది. నడుమ అయ్యగారు, ఆయన పక్కన మామ, ఎదురు వరసలో ఆడవాళ్లు, అందులో అవ్వ. నేను నీళ్ల బాటిళ్ల డబ్బా చంకన పెట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరి ముందు బాటిల్ పెడుతుంటే, నా వేళ్లు తగిలిన చోటు కాకుండా ఇంకో చోట పట్టుకునేవాళ్లు కనబడుతూనే ఉన్నారు. మామ దగ్గరికి వచ్చాను. ఆయన బాటిల్ అందుకోలేదు, అక్కడ పెట్టమన్నట్టు బల్ల చూపించాడు. నా ముఖం మాత్రం చూడలేదు.

అబద్ధమెందుకు, అప్పుడు నవ్వు రాలేదు. నా కళ్లు మటన్ బకెట్ వైపు పోయాయి.

బకెట్ బామ్మర్ది చేతిలో ఉంది. కంపెనీలో ఎలా నేర్పారో ఏమో, ప్రతి ప్లేటులో రెండు ముక్కలు, ఒక గంటె షోర్వ, ముందుకు నడువు. రెండు ముక్కలు, ఒక గంటె షోర్వ, ముందుకు నడువు. ఆ గంటె నీళ్లలో బాతులా పైపైన ఈదిందే గాని ఒక్కసారైనా లోపలికి మునగలేదు. అయ్యగారికి కొవ్వు ముక్క పడింది. ఆయన పెద్దమనిషి కనుక కళ్లు పైకెత్తి ఊరుకున్నారు, భోజనానికి ముందు చెయ్యాల్సిన ప్రార్థన రెండోసారి చేస్తున్నారేమో అనిపించింది. మామ ప్లేటులో ఎముకల పొడి, ఆ వెంటనే షోర్వ.

మామ ప్లేటు వైపు చూశాడు. కొడుకు వీపు వైపు చూశాడు. ఎముకల పొడిని వేలితో కెలికాడు.

"అరె, నల్లి పడలేదురా!"

"అన్నీ గట్లనే ఉన్నయి బాపూ. నల్లులు వెయ్యలేదేమో కసాయోడు," అన్నాడు బామ్మర్ది, వెనక్కి తిరక్కుండా.

నాలుగు మేకలు కోశారు. పదహారు కాళ్లు. పొద్దున నేనే చూశాను. బకెట్ అడుగున అవి ఒకదాని మీద ఒకటి పడుకుని నా గురించే మాట్లాడుకుంటున్నాయని నాకు తెలుసు. బంతి పొడుగునా గుసగుస లేచింది. నల్లుల్లేవట. ఇల్లు కట్టుకుని నల్లుల్లేని దావత్ పెట్టిండట. మామ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన భయపడిన లోకం నోరు ఇప్పుడు నిజంగానే తెరుచుకుంది.

"అల్లుడా," అన్నాడు.

"నీళ్లా మామా?"

"నీళ్లు గాదు. ఇటు రా. జర ఆ గంటె పట్టు."

నేను డబ్బా కింద పెట్టాను. బామ్మర్ది బకెట్ ఇచ్చేశాడు, బరువు దిగినవాడిలా. నేను మామ ముందు నిలబడి రెండు చేతులూ చాపాను.

"మామా, మల్ల నన్ను అనొద్దు. కుడిచేతికి మచ్చ ఉన్నది. ఎడమ చెయ్యి సాఫ్ ఉన్నది, సూడు. ఏ చేత్తోటి వెయ్యమంటవ్?"

బంతి మొత్తం నమలడం ఆపేసింది. ఎడమచేత్తో వడ్డించడమంటే మా దగ్గర మనిషిని ఊరి బయట నిలబెట్టినట్టు. ఎడమచేత్తో పెట్టినందుకు మాటలు ఆగిపోయిన ఇళ్లు నేను వేళ్ల మీద చెప్పగలను, ఏ రంగు వేళ్ల మీదైనా. మామ కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కొవ్వు ముక్క వైపు చూశారు. ఆ కాసేపు మామ చేసినంత ఆలోచన ఇల్లు ఏ దిక్కుకు కట్టాలన్నప్పుడు కూడా చేసి ఉండడు.

"కుడిచేత్తోనే వెయ్యి," అన్నాడు. గొంతు తగ్గించి, "లోపలికంట ముంచు," అన్నాడు.

కళ్లు మూసుకుని గంటె దింపాను. అది అడుక్కి పోయింది, తడిమింది, భుజం తట్టింది. వచ్చింది చూడండి, జానెడు నల్లి, రెండు చివరలా మూలుగ కారుతూ. మామ ప్లేటులో దించాను. ఆయన దాన్ని పటపటా కొట్టి, నోట పెట్టి, కళ్లు మూసుకున్నాడు. ఆ జుర్రు శబ్దం మా చర్చి హారన్లో వేసి ఉంటే చేవెళ్ల దాకా వినబడేది.

ఎదురు వరసలోంచి అవ్వ గొంతు. "ఏం తమ్మీ, ఇప్పుడు అంటలేదా?"

నోట్లో నల్లి ఉంది. మామ జవాబు చెప్పలేకపోయాడు. చెప్పకూడదనే ఇంకాసేపు జుర్రుకున్నాడని అవ్వ ఇప్పటికీ అంటుంది.

"సహోదరుడా," అని అయ్యగారు కొవ్వు ముక్క పక్కకు జరిపి ప్లేటు ముందుకు తోశారు. ఆ తర్వాత అన్నా, బావా, చిన్నాయనా, ఇటు, ఇటు, ఇటు. ఎవరి ప్రేమ నా మీదో, ఎవరి ప్రేమ నల్లి మీదో నేను విచారించలేదు. పదహారూ పంచేదాకా నా చెయ్యి బకెట్లోకి వెళ్తూ వస్తూ ఉంది. మచ్చ ఉన్నదన్న సంగతి చేతులు కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది.

చెప్పిన తేదీకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పెదవి మూలన గసగసాలంత నల్లచుక్కలు మొలిచాయి. అది రంగు తిరిగొస్తున్న గుర్తేనంది, మందు ఆపొద్దంది. రక్తపరీక్ష బాగానే ఉంది.

"మరి చెయ్యి సంగతేం అనుకున్నారండీ?"

"ఉండనియ్యండమ్మా," అన్నాను.

నా భార్య నా వైపు తిరిగింది. "మూతికేమో మందు, చేతికేమో వద్దా? ఎందుకట?"

"మూతి నువ్వు రోజూ చూసేది. చెయ్యి నేను చూసేది."

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాసుకుంది. మనసు మారితే చెప్పండి, కానీ మరీ ఆలస్యం చెయ్యకండి అంది. మారవచ్చు కూడా. మచ్చ మూడో వేలికి పాకిన వారం నేను కాస్త ముభావంగానే తిరిగాను, అది దాచను.

తేలిగ్గా ఉందని మాత్రం అనుకోకండి. మొన్న శంకర్‌పల్లి వైపు ఒక పెళ్లిలో, నేనెవరో తెలియని కొత్త చుట్టం ఒకాయన నా వేళ్లు చూసి ప్లేటు గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. డాక్టరు కాగితం జేబులోనే ఉంది, తియ్యలేదు. గంటెను పైపైన, నీళ్లలో బాతులా ఈదించి, ఆయనకు ఉత్త షోర్వ పోసి ముందుకు నడిచాను.